పన్నెండో నంబరు

మా నడక సంఘం చరిత్ర రాసిపెట్టమని అడిగితే ముందు ఎగిరి గంతేశాను. ఎందుకు వెయ్యను? ముప్పై ఏళ్ళకు పైగా ఆ సంఘం మినిట్సు పుస్తకాలన్నీ నా దగ్గరే ఉన్నాయి. ఎవరు ఏ ఆదివారం ఏ గుట్ట ఎక్కారో, ఎవరికి ఎక్కడ చెప్పు తెగిందో, అంతా నా చేతిరాతే. ఇరిగేషన్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి, నా అక్షరాలు అచ్చుగుద్దినట్టుంటాయని పేరు. రెండు రోజుల్లో ముప్పై పేజీలు రాసి పారేశాను. తీరా కూర్చుని చదువుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండింది. అంత శుభ్రంగా, అంత చక్కగా అబద్ధం రాశాను. చింపేసి మళ్ళీ రాశాను. మళ్ళీ అంతే. ఒక ఆదివారం దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి పక్కదారి పట్టేస్తోంది.

ఆ ఆదివారం గురించే ఇది. మొన్న సంఘం సావనీర్‌లో అచ్చయినదానికంటే ఇందులో కొంచెం ఎక్కువుంది. ఎక్కువ ఎందుకుందో చివర చెబుతాను.

సంఘం పుట్టింది చిక్కడపల్లిలో, ఒక జిరాక్స్ షాపు మీది గదిలో. పుట్టించినాయన వృక్షశాస్త్రం లెక్చరర్. బషీర్‌బాగ్ వైపు కాలేజీలో పాఠాలు చెప్పి సాయంత్రం సైకిలు మీద వచ్చేవారు. అందరం మాస్టారు అనేవాళ్ళం. మనిషి ఇంతే ఉండేవారు గానీ గొంతు లేస్తే నారాయణగూడ చౌరస్తా దాకా వినబడేది. ఆయన నన్ను పట్టుకున్నది ఒక టిఫిన్ సెంటర్లో. "ఊరి చుట్టూ ఇన్ని రాళ్ళున్నాయి, అడవి ఉంది, ఏనాడైనా చూశారా? ఆదివారం వస్తే పెసరట్టు తిని పడుకోవడమేనా?" అన్నారు. నేను నిజంగానే పెసరట్టు తింటున్నాను. నాకు ఉడుకుమోత్తనం జాస్తి. ఈయనకి చూపిద్దాం అనుకుని పై ఆదివారమే బయల్దేరాను. మౌలాలి గుట్ట ఎక్కి దిగేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఆ పై ఆదివారం కూడా వెళ్ళాను.

మా వాళ్ళు తెనాలి నుంచి ఉద్యోగాల కోసం వచ్చి చిక్కడపల్లిలో స్థిరపడినవాళ్ళు. మా ఇంట్లో నడక అంటే బస్టాపు దాకా నడవడమే. అలాంటిది నేను గుట్టలు పట్టుకుని తిరుగుతున్నానంటే మా నాన్న కొన్నాళ్ళు నమ్మలేదు. ఎవరెవరు వస్తారు అని నిలదీసేవారు. బ్యాంకు వాళ్ళు, గుమాస్తాలు, టీచర్లు, బర్కత్‌పుర నుంచి ఒక హోమియో డాక్టరు. ఆడవాళ్ళు ఏడుగురు. మామూలు ఆదివారాలు ఊరి గుట్టలు, నెలకొక అడవి నడక. తెల్లవారుతూనే నారాయణగూడ చౌరస్తాలో అద్దె వ్యాను ఎక్కి అనంతగిరికో, నర్సాపూర్ అడవికో వెళ్ళడం, సాయంత్రానికి తిరిగి రావడం. దారి పటాలు నేను గీసేవాణ్ణి. ఏ వాగు ఎక్కడ దాటాలో, ఏ బండ కింద నీడ ఉంటుందో ఇండియన్ ఇంకుతో గీసి ఇస్తే మాస్టారు మురిసిపోయేవారు. ఆఫీసులో కాలవలు గీసినప్పుడు ఎవడూ బాగుందన్న పాపాన పోలేదు.

మాస్టారికి జాబితా పట్టుకుని పేర్లు పిలవడమంటే చిరాకు. "ఇది స్కూలు కాదు" అనేవారు. అందుకని చేరిన రోజునే ప్రతి ఒక్కరికీ ఒక నంబరు ఇచ్చేవారు. ఆ నంబరు జీవితాంతం వాళ్ళదే. మానేసినా దాన్ని ఇంకొకరికి ఇవ్వరు. వ్యాను కదిలే ముందు ఒకటి నుంచి వరసగా ఎవరి నంబరు వాళ్ళు గట్టిగా అరవాలి. ఆ రోజు రానివాళ్ళ నంబరు దగ్గర మాస్టారే "లేరు" అనేవారు. ఎక్కడైనా గొంతు వినబడలేదా, వ్యాను కదలడానికి వీల్లేదు. ఒకరి నంబరు ఇంకొకరు పలకకూడదని మొదటిరోజే గట్టిగా చెప్పేవారు. ఈ పద్ధతి మీద ఆయనకు ఎంత నమ్మకమంటే, సీట్లవైపు తిరిగి చూసేవారు కూడా కాదు. డ్రైవరు పక్కన కూర్చుని కళ్ళు మూసుకుని వినేవారు.

నాది పదకొండు. పన్నెండు ఒక టీచరుగారిది.

ఆవిడ కవాడిగూడలో ప్రైమరీ స్కూలు టీచరు. పుట్టింది సిద్దిపేట దగ్గర పల్లెలో. మాస్టారు చెట్టు చూపించి లాటిన్ పేరు చెబుతుంటే ఆవిడ వెనకనుంచి, "సార్, గిది తునికి చెట్టు. పండ్లు మస్తుగుంటయి. చిన్నప్పుడు ఒడినిండ తెంపుకునేటోళ్ళం" అనేవారు. మాస్టారు ఆగిపోయి, జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకునేవారు. అంత చదువుకున్నాయన ఆవిడ ముందు బుద్ధిగా నిలబడటం చూస్తే నాకు ముచ్చటగా ఉండేది, కొంచెం కుళ్ళుగానూ ఉండేది. నా పటాలు చూసి ఆయన ఎప్పుడూ పుస్తకం తియ్యలేదు.

ఒక్క చిక్కేమిటంటే ఆవిడ ఎప్పుడూ అందరికంటే వెనక. పిట్ట కూస్తే ఆగాలి, పుట్ట కనబడితే వంగి చూడాలి. అందరం వ్యానెక్కి చెమటలు తుడుచుకుంటుంటే ఆవిడ ఎక్కడో వంద అడుగుల దూరంలో తాపీగా వస్తుండేవారు. ఒకసారి నేను సరదాకి "పదకొండు, పన్నెండు" అని రెండూ కలిపి అరిచేశాను. అందరూ గొల్లుమన్నారు. ఆవిడ కూడా ఎక్కుతూ, "మంచిదాయె అన్నా, నా గొంతు మిగిలింది" అని నవ్వారు. ఇంకేముంది, అది నాకు అలవాటైపోయింది. నాలుగైదు నడకల తరవాత మాస్టారు పట్టుకున్నారు. అందరి ముందూ కడిగేశారు. ఇక అననని మాట ఇచ్చాను. ఇచ్చాక కూడా, ఆవిడ దగ్గరికి వచ్చేశారనుకున్నప్పుడు, గొంతు కాస్త మార్చి అనేస్తూనే ఉన్నాను. పట్టుబడకుండా చెయ్యడంలో అదో సరదా.

ఆ రోజు నర్సాపూర్ అడవి. వానలు మొదలైన రోజులు. పొద్దున్నుంచీ మబ్బు పట్టి ఉంది. మధ్యాహ్నం పులిహోర తిన్నాక నా ధ్యాసంతా ఇంటి మీదికి పోయింది. టీవీలో క్రికెట్ మ్యాచ్, మనవాళ్ళది రెండో బ్యాటింగ్. ఐదున్నరకల్లా ఇల్లు చేరితే చివరి ఓవర్లు దొరుకుతాయని నా ఆరాటం. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఇన్నేళ్ళ బాధకు వెనకాల ఏదైనా పెద్ద కారణం ఉంటే కొంచెం మర్యాదగా ఉండేది. లేదు. క్రికెట్టే.

మూడింటికి వాన అందుకుంది. అందరం తలల మీద తువ్వాళ్ళు వేసుకుని పరుగున వచ్చి ఎక్కాం. డ్రైవరు ఇంజన్ స్టార్ట్ చేశాడు. పైన రేకు మీద వాన హోరు. మాస్టారు ముందు సీట్లోంచి "కానివ్వండి" అన్నారు. ఒకటి, రెండు, మూడు. నా వంతు వచ్చింది. నేను వెనక్కి తిరగలేదు. కిటికీలోంచీ చూడలేదు. ఆవిడ ఎక్కే ఉంటారనుకున్నాను అని రాస్తే బాగుంటుంది, కానీ అది కూడా అబద్ధమే. నేను ఏమీ అనుకోలేదు. "పదకొండు, పన్నెండు" అని నోరు అనేసింది. నా పక్కనున్న హోమియో డాక్టరు "పదమూడు" అన్నాడు. లెక్క పూర్తయింది, వ్యాను కదిలింది.

దారి పొడుగునా అందరూ నిద్ర. నారాయణగూడలో ఒక్కొక్కరే దిగుతుంటే చివరి సీటు మీద ఒక గొడుగు, టిఫిను డబ్బా మిగిలాయి. "ఇవెవరివి?" అన్నారు మాస్టారు. ఆ డబ్బా నాకు తెలుసు. అందులోంచి ఆ మధ్యాహ్నమే మక్కగారెలు తిన్నాను. సెల్‌ఫోన్లు ఇంకా మా బోటివాళ్ళ జేబుల్లోకి రాని రోజులవి. మాస్టారు మారుమాట లేకుండా డ్రైవర్ని వ్యాను వెనక్కి తిప్పమన్నారు. నేనూ ఎక్కబోయాను. "మీరు కవాడిగూడ వెళ్ళండి. వాళ్ళింట్లో చెప్పండి" అన్నారు.

వాళ్ళింటికి వెళ్ళేసరికి టీవీలో అదే మ్యాచ్ నడుస్తోంది. వాళ్ళాయన లుంగీలో కూర్చుని చూస్తున్నాడు. టీచరుగారు కొంచెం వెనకబడ్డారనీ, మాస్టారు వెళ్ళి తీసుకొస్తున్నారనీ నీళ్ళు నమిలాను. "వెనుకబడ్డదంటే ఏంది? అడవిలనా?" అంటూ లేచాడు. "నేను వద్దంటనే ఉన్న. ఆడమనిషికి గుట్టలెందుకే అని నెత్తి నోరు కొట్టుకున్న." ఆయన చెప్పులేసుకుని వీధి చివరిదాకా వెళ్ళడం, మళ్ళీ రావడం. ఆరేళ్ళ కూతురు గడపలో నిలబడి, "మా అమ్మ ఏది?" అని నన్నే అడిగింది. వస్తోందమ్మా అన్నాను. ఆ పిల్ల నన్ను నమ్మి లోపలికి వెళ్ళి హోంవర్కు రాసుకుంది.

గంటన్నర గడిచాక ఆవిడ వచ్చారు. నర్సాపూర్ నుంచి బస్సెక్కి తనంతట తానే వచ్చారు. చీర మోకాళ్ళ దాకా బురద, జుట్టంతా తడి. లోపలికి రాబోతూ నన్ను చూసి ఆగారు. అలా ఎంతసేపు చూశారో నాకు తెలీదు. నేను కూడా ఏదో అనాలి కదా. క్షేమంగా వచ్చారా అనైనా అనాలి కదా. ఆవిడ నన్ను దాటుకుని లోపలికి వెళ్ళిపోయారు. వాళ్ళాయన కేకలు మొదలయ్యాయి. నేను చెప్పులు వేసుకుని వచ్చేశాను.

మూడు రోజుల తరవాత జిరాక్స్ షాపు మీది గదిలో కమిటీ కూర్చుంది. మాస్టారు రెండు రోజులు నిద్రపోని మనిషిలా ఉన్నారు. "లెక్క సరిపోయింది. పన్నెండు నేను నా చెవులతో విన్నాను. అయితే ఆవిడ నంబరు చెప్పాక మళ్ళీ దిగి ఉండాలి. లేదా..." అని నా వైపు తిరిగారు. "మళ్ళీ మీరు గానీ అన్నారా?"

పది మంది ఉన్నారు గదిలో. అందరూ నన్నే చూస్తున్నారు. అవును మాస్టారూ, నేనే, అంటే ఆ నిమిషంలో అయిపోయేది. మహా అయితే తిట్టేవారు, సంఘంలోంచి పొమ్మనేవారు.

"లేదు మాస్టారూ" అన్నాను.

ఆయన వెంటనే నమ్మారు. అదే నన్ను ఈ రోజుకీ చంపుతోంది. ఇంకోసారి అడిగినా, కొంచెం అనుమానంగా చూసినా నాకు ఇంత బాధ ఉండేది కాదు. హోమియో డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు.

ఆ రోజు మినిట్సు నేనే రాశాను. "తన సంఖ్య పలికిన పిమ్మట సభ్యురాలు ఎవరికీ తెలియజేయక వాహనము దిగి వెళ్ళినందున..." ఎంత అందంగా రాశానో. కింద తీర్మానం, ఇకనుంచి ఆడవాళ్ళు ఇంట్లోవాళ్ళు ఎవరైనా తోడుంటేనే అడవి నడకలకు రావాలని. ఆవిడకు ఆ సంగతి తెలుపుతూ ఉత్తరం రాసి, పోస్టు డబ్బాలో వేసింది కూడా నేనే. ఆవిడ జవాబివ్వలేదు. మళ్ళీ రాలేదు. మిగతా ఆరుగురూ ఎవరిని తోడు తెచ్చుకుంటారు? ఒకావిడ భర్తను రెండుసార్లు లాక్కొచ్చింది, ఆయన వ్యానులోంచి దిగనే లేదు. ఏడాది తిరిగేసరికి సంఘంలో ఒక్క ఆడమనిషి లేదు. మాస్టారు ఆ చిన్న పుస్తకం తియ్యడం మానేశారు. నాలుగేళ్ళకు పోయారు. చివరిసారి ఆసుపత్రిలో చూడబోతే నా చెయ్యి పట్టుకుని, "మినిట్సు జాగ్రత్తగా ఉంచండి, మీరున్నారనే ధైర్యం" అన్నారు. చెప్పొద్దూ, అప్పుడైనా చెప్పవలసింది. పోయే మనిషిని బాధపెట్టడమెందుకని సర్దిచెప్పుకున్నాను. నాకు సర్దిచెప్పుకోవడం బాగా వచ్చు.

ఆ ఆదివారం తరవాత ఇరవై ఏడేళ్ళలో నేను కవాడిగూడలో అడుగుపెట్టలేదు. ట్యాంక్‌బండ్ వెళ్ళాలన్నా చుట్టు తిరిగి వెళ్ళాను. మా ఆవిడ, "ఆ దారిలో మీరు ఎవరికైనా అప్పున్నారా?" అని వెక్కిరించేది. సంఘం కూడా ముసలిదైంది. హోమియో డాక్టరు అధ్యక్షుడయ్యాడు. అడవి నడకలు ఏడాదికి ఒకటికి వచ్చాయి, మిగతా ఆదివారాలు ఏడెనిమిది మంది ముసలాళ్ళం ఇందిరా పార్కులో తిరిగి ఇడ్లీ తిని ఇంటికి పోవడమే.

అక్కడే తగిలింది ఆ అమ్మాయి. నల్లగొండ జిల్లా పల్లెటూరు, అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్ పరీక్షలకు చదువుతోంది. పార్కు బెంచీ మీద పుస్తకం పెట్టుకుని, పుస్తకం వదిలేసి చెట్టు మీది పిట్టను చూస్తోంది. "చదివి చదివి తల పలుగుతున్నది సార్. హాస్టల్ల కిటికి తీస్తే పక్కింటి గోడ. చెట్టు చూడక ఎన్ని రోజులైందో" అంది. నెల తిరక్కుండా హాస్టల్లోంచి ఇంకో ఎనిమిది మంది అమ్మాయిల్ని తెచ్చి చేర్పించింది. మాలో మళ్ళీ ప్రాణం లేచొచ్చింది. కార్యదర్శి పని చెయ్యడానికి ఎవరికీ ఓపిక లేక, ఆ అమ్మాయినే చేశాం. మొదటి పనిగా నర్సాపూర్ నడక పెట్టింది. అప్పుడు అధ్యక్షుడు గొంతు సవరించుకుని పాత తీర్మానం సంగతి చెప్పాడు.

"మా నాయన ఊర్ల పొలం కాడ ఉంటడు సార్. గుట్ట ఎక్కనీకి ఆయన్ని తోల్కరావాల్నా?" అంది. అందరం నవ్వాం. ఆ అమ్మాయి నవ్వలేదు. "ఎందుకు పెట్టిన్రు ఈ రూలు?"

"ఊరికే పెట్టలేదమ్మా. ఒకావిడ చెప్పకుండా దిగిపోయి అడవిలో తప్పిపోయింది. ప్రాణాల మీదికొచ్చింది" అన్నాడు అధ్యక్షుడు. నా వైపు చూడకుండా అన్నాడు. కారణం తప్పని తేలితే తప్ప తీర్మానం మార్చేది లేదని పెద్దలంతా పట్టుబట్టారు. అప్పుడు ఆ అమ్మాయి మా ఇంటికి వచ్చింది. "సార్, సంఘం చరిత్ర రాయుండ్రి. గా రోజు ఏం జరిగిందో పురాగ రాయుండ్రి. సర్వసభ్య సమావేశంల అందరి ముందల చదువుదాం" అంది. ఆ చరిత్రే నేను రెండుసార్లు అబద్ధంగా రాసి చింపింది.

మూడోసారి నిజం రాశాను. ధైర్యం వచ్చి కాదు. ఆ తొమ్మిదిమంది అమ్మాయిలు పార్కులోనే తిరుగుతున్నారు, మాతో పాటు గుండ్రంగా, గానుగెద్దుల్లా. అది చూడలేకపోయాను.

అశోక్‌నగర్‌లో ఒక చిన్న హాలు అద్దెకు తీసుకున్నాం. చరిత్రను సావనీర్‌గా అచ్చు వేయించాం. నేనే లేచి చదివాను. నంబరు నేను పలికానని, మాస్టారు అడిగితే కాదన్నానని, అబద్ధపు మినిట్సు రాశానని. చెప్పులు పడతాయనుకున్నాను. ఏం జరిగిందో తెలుసా? చప్పట్లు కొట్టారు. అవును, చప్పట్లు! ఈ కాలంలో ఇంత నిజాయితీ ఎక్కడుందండీ అన్నాడొకాయన. తీర్మానం కొట్టేశారు. అధ్యక్షుడు నాకు శాలువా కప్పాడు. కప్పుతూ చెవిలో, "ఆ రోజు నాకు వినబడిందిలెండి మీ గొంతు. పోనీ, ఇప్పుడన్నా బాగయింది" అన్నాడు. శాలువా గుచ్చుకుంటోంది. అయినా, నిజం చెప్పాలంటే, నాకు సంతోషంగానే ఉంది. హాయిగా ఉంది.

కార్యదర్శి అమ్మాయి ఒక్కతే చప్పట్లు కొట్టలేదు. అందరూ టీ తాగుతుంటే దగ్గరికి వచ్చింది.

"సార్, ఆ టీచర్ ఉన్నరా?"

"ఉన్నారనే విన్నాను. కవాడిగూడలోనే."

"పిలిచిన్రా ఇయ్యాల?"

"లేదమ్మా."

"మరి ఆమెకు చెప్పకుంట మా అందరికి ఎందుకు చెప్పిన్రు సార్?"

గాలి తీసినట్టయింది. పాతికేళ్ళ పిల్ల, నా మనవరాలి ఈడుకు కొంచెం పెద్ద. అందరి ముందు చెప్పడం తేలిక, ఆవిడ ఒక్కర్తె ముందు చెప్పడమే కష్టమని నాకు తెలుసు. ఆ పిల్లకి కూడా తెలిసిపోయింది.

మర్నాడు పొద్దున సావనీర్ పట్టుకుని కవాడిగూడ వెళ్ళాను. పాత ఇల్లే, పైన ఒక అంతస్తు లేచింది. "తలుపు తీసే ఉన్నది, లోపలికి రాండ్రి" అని లోపలినుంచి గొంతు. ఆవిడ కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను పోల్చుకోవడానికి క్షణం కూడా పట్టలేదు. "కూసోండ్రి అన్నా" అన్నారు. భర్త పోయి మూడేళ్ళయిందట. కూతురు పై అంతస్తులో ఉంటుందట.

నేను కుశలప్రశ్నలు వెయ్యలేదు. వేస్తే ఇక చెప్పలేనని భయం. సావనీర్ తీసి ఆ ఆదివారం గురించిన రెండు పేజీలు చదివేశాను. చదువుతున్నంతసేపూ ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తూనే ఉన్నారు.

"నేను విన్న అన్నా" అన్నారు నేను ముగించాక.

"ఏమిటి?"

"పన్నెండు అన్నది. మీ గొంతే. వాన పడ్తున్నదని దగ్గర్ల ఒక చెట్టు కింద నిలవడ్డ. బండి కానొస్తనే ఉన్నది. మీరు నా నంబరు చెప్పిన్రు. అయ్యో, నేనింక ఎక్కలే అని ఉరుకుదామనుకున్న. ఒక్క అడుగేసి ఆగిన."

"ఎందుకు?"

"ఎవలన్న తిరిగి చూస్తరేమోనని. ఎన్కసీటు ఖాళీ ఉన్నది గదా. అంతమంది ఉన్నరు, ఒక్కలన్న టీచర్ ఏది అంటరు, అప్పుడు నవ్వుకుంట పోదామనుకున్న. బండి పోయింది." ఆవిడ ఒక కాయ పక్కన పడేశారు. "కట్టెలు ఏరుకపోయే ఆడోళ్ళు ఇద్దరు కనవడ్డరు. వాళ్ళ ఎంబడి రోడ్డు దాక వచ్చిన. తొవ్వ పొంట ఏడ్చిన. భయానికి కాదు."

"ఉత్తరం వచ్చినప్పుడు చెప్పవచ్చు కదండీ, అది నా గొంతని."

"చెప్తే మీ మాట ఉంటదా, నా మాట ఉంటదా? విన్నదానివి ఎందుకు రాలేదంటే ఏమనాలె? ఎవలన్న చూస్తరేమోనని నిలవడ్డ అంటే పిచ్చిదనరా?"

ఇక్కడ నాకు జరిగింది రాయకపోతే ఈ రాతంతా దండగ. ఆవిడ విన్నారు. రాగలిగీ ఆగారు. అయితే తప్పంతా నాది కాదన్నమాట. ఆ మాట అనుకోగానే గుండెల మీది బరువు సగం దిగినట్టయింది. ఛీ, దిగింది. అది నా మొహంలో కనబడే ఉంటుంది.

"జర తేలికైందా అన్నా?" అన్నారు. కోపంగా అడగలేదు, స్కూల్లో పిల్లల్ని అడిగినట్టే అడిగారు. "నా తప్పు నేను అప్పుడే తీస్కున్న. ఇంట్ల మాటలు పడ్డ. గుట్టలు బందు వెట్టిన. దాంతోని మీది ఏం తగ్గదు."

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ చూడనట్టు గిన్నె సర్దుకున్నారు. ఇది కూడా రాయనా అని అడిగాను. "రాసుకోండ్రి. ఇప్పుడు దాచేదేమున్నది" అన్నారు. అందుకే ఇది సావనీర్‌లో లేదు, ఇందులో ఉంది.

ఏదో ఒకటి చెయ్యాలి నేను. ఇచ్చుకోగలిగింది ఒక్కటే తోచింది. "రూలు కొట్టేశాం టీచరు గారూ. వచ్చే ఆదివారం ఆడపిల్లలంతా నర్సాపూర్ వెళ్తున్నారు. చెట్ల పేర్లు చెప్పేవాళ్ళు లేరు. వ్యాను మీ గుమ్మం ముందుకే తెస్తాను. రండి" అన్నాను. మాట పూర్తయ్యేసరికి నాకే ఉత్సాహం వచ్చేసింది. మధ్యలో ఏళ్ళే లేనట్టు మాట్లాడాను.

ఆవిడ ఒడిలోని గిన్నె తీసి పక్కన పెట్టారు. రెండు చేతులూ మోకాళ్ళ మీద వేసుకున్నారు. కుర్చీ వెనక గోడకు ఆనించి ఉన్న నాలుగు కాళ్ళ వాకర్ నాకు అప్పుడు కనబడింది.

"మీరు ఇన్నేండ్లు ఆగిన్రు గాని అన్నా, నా మోకాళ్ళు ఆగలే" అన్నారు.

లేచి నిలబడ్డాను. సావనీర్ ఆవిడ పక్కన బల్ల మీద పెట్టాను. గుమ్మం దాటుతుంటే వెనకనుంచి, "తలుపు జర దగ్గరికేసి పోండ్రి, లేచి వేసుకోవాలంటే నాకు తిప్పలైతది" అన్నారు. దగ్గరగా వేసి వచ్చాను.